పదకొండు సార్లు ‘గమ్మున’

కిందటి నెల రెండో మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, హిందూపురంలోని ఒక ఆసుపత్రిలో, ఇద్దరు మనుషులు నన్ను చక్రాల బల్ల మీదనుంచి ఎత్తి మంచం మీదికి మార్చారు. ఒకరు చంకల కింద చేతులు వేశారు, మరొకరు మోకాళ్ల కింద. నా బరువు ఆ ఉదయమే చూశారు కనుక నిస్సందేహంగా చెప్పగలను, యాభై ఏడు కిలోల నాలుగు వందల గ్రాములు. నేను గాలిలో ఉన్న కాలం మూడు సెకన్లకు మించదు. ఆ మూడు సెకన్లూ నేను కాలు కదపలేదు, చేయి కదపలేదు, ఊపిరి కూడా తీసుకోలేదనుకుంటాను. పక్కన నిలబడిన నర్సమ్మకు మా మనుమరాలి వయసుంటుంది. ఆమె అది చూసి సంతోషపడి, “తాత సూడు, ఎంత గమ్మునుండాడో! ఈయనతో ఏం బాధ లేదు” అని చేతిలోని అట్ట మీద ఏదో రాసుకుంది. ఏమి రాసిందో నేను చూడలేదు. చూడవలసిన అవసరం లేదు. అలాంటి గడిలో ఆ మాటను నేను అంతకు పాతికేళ్ల ముందే, నా సొంత దస్తూరీతో, పదకొండు సార్లు రాశాను.

నేను తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్లలోని తక్కెళ్లు, తూకపు రాళ్లు, లీటరు పాత్రలు, మీటరు కడ్డీలు నా చేతికి వచ్చి, పరీక్షకు నిలిచి, ముద్ర వేయించుకొని వెళ్లేవి. మనిషి మాట మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ. అది దురభిప్రాయం కాదు, వృత్తి. బెల్లం మండీలో ప్రతి వ్యాపారీ తన తక్కెడ సత్యమని ప్రమాణం చేస్తాడు. నేను ప్రమాణాన్ని విని, రాళ్లు తెప్పిస్తాను. ఇంట్లోనూ అదే అలవాటు. గోడ గడియారం వారానికి ఎన్ని నిమిషాలు వెనకబడుతుందో, గ్యాసు బండ ఎన్ని రోజులు వచ్చిందో, అన్నిటికీ నా దగ్గర నోటుపుస్తకాలున్నాయి. వాటిలో కుందేలు పుస్తకం ఒకటి. దాని కింది మూల అర్ధచంద్రాకారంలో కొరికి ఉంటుంది. కొరికింది ఎవరో చెప్పనక్కరలేదు. ఆసుపత్రినుంచి వచ్చిన సాయంత్రమే దాన్ని వెతికి తీయించాను.

కుందేలు నాది కాదు, మా మేనత్తది. మా అమ్మ నా నాలుగో ఏట పోయింది. నన్ను పెంచింది, నాకంటే తొమ్మిదేళ్లే పెద్దయినా, ధర్మవరంలో కాపురముండి పట్టుచీరలు నేసే మా అత్త. గుంత మగ్గం చూడని వారి కోసం చెబుతున్నాను. మగ్గం ముందు నేలలో ఒక గుంత తవ్వి ఉంటుంది. నేసేవారు గుంత అంచున కూర్చొని, కాళ్లు లోపలికి దించి, అడుగునున్న చెక్కలను తొక్కుతూ నేస్తారు. నా బాల్యమంతా ఆ గుంత అంచునే గడిచింది. ఆమె పోగును అటూ ఇటూ నడిపే నాడె విసురుతూ ఒకటి, రెండు అంటే నేను మూడు, నాలుగు అనేవాణ్ణి. నాకు అంకెల మీద ఇంత మమకారం ఎక్కడ పుట్టిందో ఇంతకంటే వివరించలేను. ఆమెకు పిల్లలు లేరు. మా మామ 1996 డిసెంబరులో కాలం చేశాడు. అప్పటికి ఆమెకు యాభై తొమ్మిదేళ్లు, నాకు యాభై. కర్మకాండలయ్యాక హిందూపురం రమ్మన్నాను. “మగ్గం మీద చీర ఉండాది గదప్పా” అంది. అదయ్యాక రమ్మన్నాను. అదయ్యేసరికి మరొకటి మొదలైంది.

ఒంటరిగా ఉన్న ఆ మనిషికి తోడు ఉండాలని నేను దిగులుపడుతున్న రోజుల్లో పెనుకొండలో ఒక పరిష్కారం దొరికింది. అక్కడ తక్కెళ్లు మరమ్మతు చేసే సాయిబు ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ఊరంతా ఆయనను మామా అనే పిలిచేది, హోదా వల్ల నేను మాత్రం ఏమీ పిలవకుండా మాట్లాడేవాణ్ణి. ఆయన అంగడి వెనక పెరట్లో కుందేళ్లు ఉండేవి. 1997 ఫిబ్రవరిలో ముద్రలు వేసే శిబిరానికి వెళ్లినప్పుడు మా అత్త సంగతి మాటల్లో వచ్చింది. ఆయన లోపలికి వెళ్లి, రెండు నెలల బూడిదరంగు కుందేలు పిల్లను తెచ్చి బల్ల మీద పెట్టాడు. మా శాఖ లైసెన్సు ఉన్న వ్యక్తినుంచి నేను బహుమతి తీసుకోవడం నిబంధనలకు విరుద్ధమని వివరించాను. ఆయన అంతా శ్రద్ధగా విని, “మీకెవరిచ్చినారు సార్? మీ అత్తకు ఇస్తాండా. మీరు ఊరికే మోసకపోతాండారు, బస్సు మాదిరి” అన్నాడు. నిబంధనల పుస్తకంలో బస్సు ప్రస్తావన లేదు. పిల్లను తూచాను. ఆరు వందల పది గ్రాములు.

ఎత్తేటప్పుడు నేను సహజంగానే చెవులు పట్టుకోబోయాను. మా వైపు దాన్ని చెవులపిల్లి అంటారు కనుక, చెవులు అందుకే ఉన్నాయని నా ఊహ. ఆయన నా చేయి పట్టుకొని ఆపాడు. “వద్దొద్దు సార్! తక్కెడను ముల్లు పట్టుకొని ఎత్తుతారా ఎవరన్నా? ఒక చెయ్యి రొమ్ముకింద, ఒక చెయ్యి వెనక కాళ్లకింద. మీ రొమ్ముకు ఆనించుకోవాల. అసలు ఎత్తకుంటే ఇంకా మేలు.” నేను జేబులోని కాగితం మీద మూడు సూచనలు రాసుకున్నాను. ఒక చేయి ఎక్కడ, రెండో చేయి ఎక్కడ, దేనికి ఆనించాలి. నాలుగో మాట రాసుకోలేదు. అందులో కొలత ఏమీ కనిపించలేదు.

ధర్మవరంలో ఆ పిల్ల ఏడాదిన్నర పెరిగింది. నేను రెండు నెలలకోసారి వెళ్లేవాణ్ణి. అది ఎలా ఉంటుందో నాకు సరిగా తెలిసేది కాదు. నేను గడపలో అడుగు పెట్టేసరికి మగ్గం కిందికి దూరిపోయేది. ఒక్కసారి మాత్రం, నా చెప్పుల చప్పుడు కాకముందు, కిటికీలోనుంచి చూశాను. అత్త నేస్తోంది. నేసిన చీర చుట్టుకునే కర్ర కింద, ఆమె ఒళ్లో, రెండు చెవులు మాత్రం కనిపించాయి. నాడె అటు పోతే చెవులు కదలవు, ఇటు వస్తే కదలవు. పట్టుపోగును అది ఏనాడూ కొరకలేదని ఆమె చెప్పేది. నేను తీసుకువెళ్లిన కాగితాలను మాత్రం ఏనాడూ వదల్లేదు.

1998 ఆగస్టులో ఆమె గుంతలోనుంచి పైకి లేస్తూ జారిపడింది. ఎముక విరగలేదు, ఎడమ మోకాలు వాచింది. పొరుగింటివారు ఫోను చేస్తే మా ఆవిడతో కలిసి వెళ్లాను. గుంత లోతు కొలిచాను. రెండడుగుల తొమ్మిది అంగుళాలు. అరవై ఒక్క ఏళ్ల మనిషి రోజుకు ఎనిమిది సార్లు దిగి ఎక్కదగిన లోతు కాదని అక్కడికక్కడే తీర్మానించాను. మగ్గం ఇక చాలు, హిందూపురంలో మాతో ఉండాలి, గుంత పూడ్పించి ఆ ఇంటిని బాడుగకిద్దాం అన్నాను. ఆమె నా ముఖం వంక కొంచెంసేపు చూసి, “సరేప్పా” అంది. ఆ తరువాత మాట్లాడలేదు. సామాను సర్దేటప్పుడు, పూర్తయిన చీరను మగ్గం మీదనుంచి కోసేటప్పుడు, గమ్మునే ఉంది. మా వైపు గమ్మున అంటే చప్పుడు చేయకుండా, గొడవ చేయకుండా అని అర్థం. ఇంత పెద్ద నిర్ణయానికి ఇంత తక్కువ గొడవ జరిగిందని నేను రైల్లో మా ఆవిడతో సంతోషంగా చెప్పిన మాట నాకింకా గుర్తుంది. ఆ రోజు ఆగస్టు ముప్పై, ఆదివారం.

హిందూపురంలో మాది మిద్దె మీది వాటా. నేల మొజాయిక్, గచ్చు అద్దంలా ఉండేది. అత్తకు కిటికీ పక్కన మెత్తని కుర్చీ వేయించాను. కుందేలుకు వరండాలో చెక్కపెట్టె చేయించాను. దాన్ని పెంచడంలో ఏవైనా మెలకువలున్నాయా అని మొదటి రోజే అత్తను అడిగాను. “ఏముండాదప్పా, గరిక తింటాది. ఎత్తుకుంటే గమ్మునుంటాది” అంది. చెప్పి కిటికీ వైపు తిరిగింది.

సెప్టెంబరు ఆరో తేదీనుంచి ప్రతి ఆదివారం ఉదయం ఏడున్నరకు కుందేలును తూచడం మొదలుపెట్టాను. తక్కెడ నేను స్వయంగా ముద్ర వేసినదే, దాని మీద అనుమానానికి తావు లేదు. పుస్తకంలో నాలుగు గడులు గీశాను. తేదీ, సమయం, బరువు, రిమార్కులు. మొదటి వారం రెండు కిలోల నూట నలభై గ్రాములు. ఎత్తడం మాత్రం తేలిక కాలేదు. మొజాయిక్ మీద దాని కాళ్లు జారుతుండగా వరండా ఈ మూలనుంచి ఆ మూలకు తరిమి, గోడకు అదిమి, సూచనల ప్రకారం ఒక చేయి రొమ్ముకింద, ఒక చేయి కాళ్లకింద వేసి లేపాలి. లేపాక తన్నుతుంది. గోళ్లు చూద్దామని ఆ మొదటి ఆదివారమే దాన్ని చేతుల్లో వెల్లకిలా తిప్పాను. ఏమాశ్చర్యం! తన్నడం ఆగిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, కాళ్లు గాలిలో మడిచి, పాలు తాగి పడుకున్న పసిబిడ్డలా కదలకుండా ఉంది. అత్త చెప్పింది అక్షరాలా నిజమని నాకు అర్థమైంది. రిమార్కుల గడిలో ‘గమ్మున ఉంది’ అని రాశాను. అంతటితో ఆగక, పక్కన ‘సంతోషం’ అని కూడా రాసి, అది కొలతకు అందని మాట గనుక కొట్టివేశాను. ఆ కొట్టివేత ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇక్కడినుంచే నా గందరగోళం ఆరంభమవుతుంది. అంకెలు ఒకదానితో ఒకటి పొసగడం మానేశాయి. చేతిలో అంత హాయిగా పడుకునే జంతువు, ఆ చేయి దగ్గరికి వస్తుంటే ఎందుకు పారిపోవాలి? మొదటి వారం నేను నాలుగు అడుగుల దూరంలో ఉండగా పరుగెత్తేది. ఆరో వారానికి ఏడు అడుగులు. ఎనిమిదో వారంనుంచి నేను వరండా తలుపు గడియ తీస్తేనే పరుగెత్తేది. అంటే దూరాన్ని కొలవడానికి కూడా వీలు లేకపోయింది. బరువు వారానికి ముప్పై, నలభై గ్రాముల వంతున తగ్గుతూ వచ్చింది. గరిక మార్చాను, కాయలు కోసిన వేరుసెనగ మొక్కల కట్టె పెట్టాను, నీళ్ల గిన్నె మార్చాను. పశువైద్యుడు చూసి రోగం ఏమీ లేదన్నాడు. ఆయన చూస్తున్నప్పుడూ అది వెల్లకిలా గమ్మునే ఉంది. వారానికి ఒకసారి సరిపోవడం లేదేమోనని బుధవారం కూడా తూస్తానన్నాను. మా ఆవిడ చేతిలోని చేటను కిందపెట్టి, “మీరు దాన్ని పెంచుకుంటున్నారా, తనిఖీ చేస్తున్నారా? అంగళ్లవాళ్లయినా ఏడాదికోసారే మీ ముఖం చూస్తారు. ఆ నోరులేనిదానికి వారవారం ఎందుకండీ ఈ శిక్ష?” అంది. ఆ మాటలో ఒక్క అంకె కూడా లేదు కనుక నేను పట్టించుకోలేదు. కానీ బుధవారం తూకం మానేశాను. ఎందుకు మానేశానో తెలియదు.

అత్త సంగతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆమెను నెలకోసారి వీధి చివర మందులషాపు వారి యంత్రం మీద నిలబెట్టేవాణ్ణి. సెప్టెంబరులో నలభై నాలుగు కిలోలు, నవంబరులో నలభై ఐదున్నర. మోకాలి వాపు తగ్గింది. పెట్టింది తింటుంది, చూపించిన చోట కూర్చుంటుంది, దేనికీ కాదనదు. కుందేలు ఎన్నడూ ఆమె కుర్చీ దగ్గరికి వెళ్లేది కాదు. ఆమె కూడా పిలిచేది కాదు. కుర్చీలోనుంచి వంగి నేల వైపు చేయి చాచడం మాత్రం రెండుమూడు సార్లు చూశాను. చేయి నేలకు జానెడు ఎత్తులో ఆగిపోయేది. ఏది ఏమైనా, నా లెక్క ప్రకారం అత్త కులాసాగా ఉంది, కుందేలుకే ఏదో అయింది. ధర్మవరంలో తాపీ మేస్త్రీతో మాట్లాడి, నవంబరు ఇరవై మూడు, సోమవారం నాడు గుంత పూడ్చడానికి ఏర్పాటు చేశాను. ఆ సంగతి అత్తకు చెప్పాను. “ఊఁ” అంది. నవంబరు పదిహేనున కుందేలు బరువు ఒక కిలో ఏడు వందల ఎనభై ఐదు. పదకొండు ఆదివారాల్లో మూడు వందల యాభై ఐదు గ్రాములు పోయింది. ఇలాగే సాగితే అది బతకదని మా ఆవిడ చాటుగా కళ్లు తుడుచుకుంది. నేను గ్రాఫు గీసి చూశాను. గ్రాఫు కూడా అదే చెప్పింది.

పద్దెనిమిదో తేదీ బుధవారం పనిమీద పెనుకొండ వెళ్లినప్పుడు పుస్తకాన్ని వెంట తీసుకువెళ్లి ఆ తక్కెళ్ల సాయిబు ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, మసి అంటిన వేలితో గడి గడి దిగుతూ చదివాడు. అంకెల దగ్గర ఆగలేదు. చివరి గడి దగ్గర ఆగాడు.

“ఇదేంది సార్, అన్ని తావులా గమ్మున, గమ్మున అని రాసినారు?”

“ఎత్తి వెల్లకిలా పడుకోబెడితే చక్కగా గమ్మున ఉంటుంది. ఇబ్బంది పడితే తన్నేది కదా?”

ఆయన పుస్తకాన్ని మూసి నా వైపు జరిపాడు. తరువాత మెల్లగా, “తన్నేది ఎప్పుడు సార్? తప్పించుకుంటామని ఆశ ఉన్నెప్పుడు. నక్క నోట్లో పడినాక చెవులపిల్లి తన్నదు. ఇంక సచ్చినట్టే అనుకొని గమ్మునుంటాది. మీరు పదకొండు వారాలు దాన్ని సంపి సంపి బతికిస్తాండారు” అన్నాడు.

నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. ఆయన వెంటనే గొంతు మార్చి, “మీరేం కావాలని సేసినారా, లే సార్” అంటూ ఒక తక్కెడను గొలుసు పట్టి ఎత్తి చూపాడు. ముల్లు అటూ ఇటూ కొట్టుకుంటోంది. “దీన్ని సెయ్యి పెట్టి ఆపితే ఆగుతాది. ఆగింది గదా అని తూకం సదువుతారా మీరు? సెయ్యి తీసి కాసుకోవాల. ఇది నాకు నేర్పినోళ్లే మీరు.” అది నిజమే. చేత్తో ముల్లు ఆపిన తూకం చెల్లదని నేను ఎంతమంది వ్యాపారులకు నోటీసులిచ్చానో నాకే లెక్క లేదు.

ఆ తరువాత ఆయన, “మీ అత్త దగ్గర ఒళ్లో కూచునేదంటిరి. ఆయమ్మ ఇప్పుడు యాడ కూచుంటాది?” అని అడిగాడు.

“కుర్చీలో.”

“ధర్మవరంలో?”

“మగ్గం గుంతలో.” ఆ మాట నా నోటినుంచి వస్తుండగానే నా కళ్ల ముందు బొమ్మ కట్టింది. గుంతలో కాళ్లు వేలాడేసి కూర్చున్న మనిషి ఒడి నేలకు సమానంగా ఉంటుంది. కుందేలును ఆమె ఎన్నడూ ఎత్తలేదు. అది నేల మీద నడిచినట్టే నడిచి ఒళ్లోకి వచ్చేది. ఆమె ముఖం కూడా దానికి ఎక్కడో ఆకాశంలో లేదు, దాపులోనే ఉండేది. నాలుగేళ్ల వయసునుంచి ఆ గుంత అంచున కూర్చున్నవాణ్ణి, ఆ కొలత ఒక్కటి నాకు తట్టలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లి, పరిష్కారం దొరికిందన్న ఉత్సాహంతో అత్త కుర్చీ ముందు నేల మీద చాప పరిచాను. “కింద కూర్చో అత్తా. కుందేలు వస్తుంది” అన్నాను. ఆమె నవ్వింది. మూడు నెలల్లో అదే మొదటిసారి.

“మోకాలు మడతపడదు గదప్పా. ఆడ కాళ్లు యాలాడేసుకుంటా గాబట్టి కూచుంటాంటి. ఈడ యాడ యాలాడేస్తా? మీ మిద్దెకు గుంత తవ్వు, కూచుంటా. కిందింటోళ్లకు నా కాళ్లు అగుపిస్తాయి.”

మా ఆవిడ కూడా నవ్వింది. నేనూ నవ్వబోయి, ఆగిపోయాను. పుస్తకం నా చేతిలోనే ఉంది. ఎందుకో తెలియదు, ఆ చివరి గడిని చూశాను, తరువాత ఆమెను చూశాను. “ఎత్తుకుంటే గమ్మునుంటుందని నువ్వే చెప్పావు కదత్తా. అది మంచిది కాదని ఎందుకు చెప్పలేదు?” అని అడిగాను.

“సెప్తి గదప్పా, గమ్మునుంటాదని. అంతకంటే ఎట్ల సెప్పేది?”

“నువ్వు ఇక్కడ బాగున్నావా?” మూడు నెలలుగా ఆమెను నేను అడగని ప్రశ్న అదేనని అడిగిన తరువాత తెలిసింది.

ఆమె చీర కొంగుతో కుర్చీ చేయి తుడుస్తూ, “నన్నెవురడిగినారు? మిషను మీద నిలబెట్టినావు, బాగుండానని రాసుకున్నావు. బరువెక్కినా గదా, నేసే పని లేకపాయె. గుంత లోతని తీసుకొస్తివి. మీ మిద్దెకు ఎన్ని మెట్లుండాయో ఎంచినావా?” అంది.

పదిహేడు. ఒక్కొక్కటి ఏడున్నర అంగుళాలు. మొత్తం పది అడుగుల ఏడున్నర అంగుళాలు. ఆ అంకె ఇల్లు అద్దెకు తీసుకున్న రోజునుంచీ నా పుస్తకంలో ఉంది. గుంత లోతు, రెండడుగుల తొమ్మిది అంగుళాలు, అదీ ఉంది. రెంటినీ ఎన్నడూ పక్కపక్కన రాయలేదు, అంతే. ఇన్ని అంకెలు దగ్గర పెట్టుకొని ఇంత మామూలు సంగతి ఎలా తప్పిపోయానో నాకు ఆ రాత్రి అర్థం కాలేదు. ఇప్పుడూ కాదు.

ఇరవై రెండో తేదీ ఆదివారం తూకం వేయలేదు. ప్యాసింజరు రైల్లో ముగ్గురం ధర్మవరం బయలుదేరాం. కుందేలు కోసం పక్కమూత ఉన్న వెదురుబుట్ట కొన్నాం. నేను దాన్ని ఎత్తి లోపల పెట్టలేదు. గరిక వేసి, బుట్ట మూత తెరిచి వరండాలో పెట్టి, గది తలుపు మూసుకొని కూర్చున్నాం. రైలుకు ఇంక గంటన్నర ఉంది. లోపలనుంచి నేను మూడుసార్లు లేవబోతే మా ఆవిడ మూడుసార్లూ చొక్కా పట్టి కూర్చోబెట్టింది. నలభై ఏడు నిమిషాలకు అది తనంతట తానే బుట్టలోకి వెళ్లింది. పెనుకొండ స్టేషనులో బండి ఆగినప్పుడు అత్త కొండ వైపు చూస్తూ, “అది పుట్టిందీడే గదా?” అంది. మూడు నెలల్లో ఆమె తనంతట తాను నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. అవునన్నాను.

మరునాడు ఉదయం ఎనిమిదింటికి మేస్త్రీ మన్ను బండితో సహా వచ్చాడు. అత్త అప్పటికే గుంత అంచున కూర్చొని ఉంది. అంతకు ముందు దిగడానికి సాయం చేయబోతే, “పట్టుకోవద్దప్పా, నేనే దిగుతా” అంది. రెండు చేతులూ నేలకు ఆనించి, మంచికాలు ముందు, దెబ్బ తగిలిన కాలు వెనక, మెల్లగా దిగింది. నేను గడియారం చూడటం మరిచిపోయాను. మేస్త్రీ మన్ను ఎక్కడ పోయాలని నన్నడిగాడు. నేను అత్త వైపు చూశాను. 

“మన్ను యాడన్నా గుంతలుంటే పోసుకోపో అబ్బా. ఈడ వద్దు” అంది అత్త. “నాలుగు ఇటుకలుండాయా నీ దగ్గర? ఉంటే ఈ మూల ఒక మెట్టు కట్టిపో. కాలు పెట్టుకొని ఎక్కేదానికి.”

మేస్త్రీ నా వైపు తిరిగి, “ఇంతేనా సార్? దీనికా నన్ను హిందూపురంనుంచి ఫోను సేసి పిలిపిస్తిరి?” అన్నాడు. ఇంతే. దాదాపు యాభై ఏళ్లుగా ఆ గుంతకు లేనిది ఒక మెట్టు. దాని ఎత్తు ఎంత ఉండాలో కొలిచి చెప్పే పని మాత్రం అత్త నాకే ఇచ్చింది. ఏడు అంగుళాలు, వెడల్పు పది. నా జీవితంలో నేను తీసిన కొలతల్లో అది సరైనదని నాకు పూర్తి నమ్మకం ఉంది.

కుందేలు మాత్రం బయటికి రాలేదు. బుట్ట మూత తెరిచే ఉంది. మేము సాయంత్రం బండికి తిరిగి వచ్చేదాకా, తడి సిమెంటు వాసన నిండిన ఆ గదిలో, అది బుట్ట మూలకు ఒదిగి మా అందరి వైపూ చూస్తూనే ఉంది. ఆలస్యం చేశానేమో, గ్రాఫు చెప్పిందే నిజమవుతుందేమో అని బండిలో వేళ్ల మీద గ్రాములు లెక్కపెడుతూ కూర్చున్నాను. బయలుదేరే ముందు, అది ఒళ్లోకి వస్తుందా అని గడపలో నిలబడి అడిగినప్పుడు అత్త, “దాని ఇష్టమప్పా. నేనేం పిలిసేది లేదు” అని మాత్రం అంది. ఖాళీ మగ్గం ముందు, చేతులు ఒళ్లో పెట్టుకొని, ఆమె కూడా ఎదురుచూస్తున్నట్టే కనిపించింది.

తరువాత ఎన్నాళ్లకో ఒక పోస్టుకార్డు వచ్చింది. అత్త మూడో తరగతి దాకా చదివింది. అక్షరాలు పెద్దవి, వరుస కిందికి జారుతుంది. “చెవులపిల్లి ఒళ్లోకి వచ్చినాది. నేను పిలవలేదు. మెట్టు బాగుండాది. కొత్త చీర మొదలుపెట్టినా. నువ్వు వేళకు తిను.” అంతే. తేదీ లేదు. తపాలా ముద్ర చూశాను. సిరా అలికిపోయి ఊరి పేరు కూడా తెలియలేదు. కార్డు మా చేతికి ఎప్పుడు వచ్చిందో రాసిపెట్టవలసిన నేనే, ఆ రోజు చదివిన సంబరంలో, రాయలేదు. మరుసటిసారి ధర్మవరం వెళ్లినప్పుడు ఏ రోజు, ఏ సమయానికి వచ్చిందో చెప్పమని పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఆమె నాడె ఆపకుండా, “గుర్తులేదప్పా. నేస్తాండ్య. ఒళ్లో వెచ్చగాయ, సూస్తి” అంది. ఆ మాట అంటున్నప్పుడు కూడా అది అక్కడే ఉంది. నేను గడపలోనే, గొంతుక్కూర్చొని ఉండటం వల్లనేమో, ఈసారి మగ్గం కిందికి దూరలేదు. బరువు ఎంతకు చేరిందో నాకు తెలియదు. చూడటానికి బాగానే ఉంది. ఇలాంటి వాక్యం నా పుస్తకాల్లో ఎక్కడా ఉండదు.

కుందేలు 2004లో పోయింది, నేను ఉద్యోగ విరమణ చేసిన ఏడాదే. అత్త 2009లో. చివరి చీర 2007లో కోసింది. ఈ సంవత్సరాల విషయంలో నాకు సందేహం లేదు. సందేహమల్లా మిగిలినదాని గురించే. ఎత్తుకుంటే గమ్మునుంటాదని ఆమె ఆ మొదటి రోజు చెప్పింది కుందేలు గురించేనా, తన గురించా? అడగవలసినప్పుడు తోచలేదు, తోచినప్పుడు ఆమె నేస్తూ ఉంది, ఆపడం బాగుండదనిపించింది.

ఆసుపత్రిలో రెండో రోజు ఆ ఇద్దరు మనుషులూ మళ్లీ చేతులు చాచి వచ్చారు. నేను నర్సమ్మతో, “కొంచెం ఆగు తల్లీ. నేనే లేస్తాను. ఆలస్యమవుతుంది, అంతే” అన్నాను. ఆ పిల్ల కొంచెం ఆశ్చర్యపడి, వాళ్లను వెనక్కి జరగమని, తను నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆమె ముఖం నా ముఖానికి సమానమైన ఎత్తులోకి వచ్చింది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఇంటికి వచ్చి కుందేలు పుస్తకం చివరి పుట తీశాను. నవంబరు పదిహేను కింద మరొక వరుస ఉంది. తేదీ గడి ఖాళీ, సమయం ఖాళీ, బరువు ఖాళీ. రిమార్కుల గడిలో ‘వచ్చింది’ అని ఉంది. జీవితమంతా కాలాన్ని పట్టి తక్కెడలో పెట్టినవాణ్ణి, అది తనంతట తాను వచ్చి ఒళ్లో కూర్చున్న రోజు ఏదో మాత్రం ఎక్కడా రాసుకోలేదు.